సార్వా నీళ్లు, కలుపు మందు, చేప గుడ్డు

ద్రాక్షారామం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా సరే, ఎకరం చేలో రెండంగుళాల నీరు నిలబెడితే అది రెండు లక్షల లీటర్ల పైచిలుకు అవుతుంది. ఊడ్పులయ్యాక మూడు నుంచి ఐదు రోజుల్లోపు ఆ నీటిలో లీటరు బ్యూటాక్లోర్ పడుతుంది. డబ్బా మీద 50 ఈసీ అని ఉంటుంది కాబట్టి అందులో అసలు మందు సగం, అంటే 500 గ్రాములు. భాగించి చూస్తే లీటరు నీటికి దాదాపు రెండున్నర మిల్లీగ్రాములు. ఇక రెండో అంకె. బంగారుతీగ చేపల్ని తొట్టెలో వేసి నాలుగు రోజులు చూస్తే, వాటిలో సగం చావడానికి లీటరుకు 0.32 మిల్లీగ్రాముల బ్యూటాక్లోర్ చాలు. చేలో పడే మందు దానికి ఏడెనిమిది రెట్లు.

ఈ లెక్క చూసి బెంబేలెత్తనక్కర్లేదు, అలాగని కొట్టిపారేయనూ కూడదు. చేను గాజు తొట్టె కాదు. డెల్టా ఒండ్రు బురద ఆ మందులో పెద్ద వంతుని తనలోకి పీల్చేసుకుంటుంది. మిగిలినదాన్ని బురదలోని సూక్ష్మజీవులు విరగ్గొడతాయి, ఎండ కొంత తీసుకుంటుంది. కొద్ది రోజుల్లోనే నీళ్లలో మందు బాగా పలచబడుతుంది. "ఇన్నేళ్లుగా చల్లుతున్నాం, మా చేలో చేపలు తేలింది ఎప్పుడండీ?" అని రైతు అడిగితే ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పురుగు మందు గుళికలు వేసిన చేలో తేలినట్టు కలుపు మందు కొట్టిన చేలో చేపలు తెల్లగా పొట్టలు పైకి పెట్టుకుని తేలడం అరుదే. అందుకే కలుపు మందు మీద ఎవరికీ పెద్దగా అనుమానం రాలేదు. నీళ్లలో మిగిలిపోయిన ఆ కాస్త మందులో చేప బతికే ఉంటుంది. అది గుడ్లు పెట్టిందా, పెట్టినవి పగిలి పిల్లలయ్యాయా, ఆ పిల్ల వేలెడు పొడవయ్యే దాకా నిలిచిందా అని చూసేవాళ్లే తక్కువ. గత రెండు మూడు దశాబ్దాల పరిశోధనల్లో ఈ మూడు ప్రశ్నలకీ కొంత జవాబు దొరికింది. అది మన డెల్టాకి ఎంతవరకు వర్తిస్తుందో చూడాలి.

ముందు ఊరి నీళ్ల సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు ద్రాక్షారామం కోనసీమ జిల్లాలోకి వచ్చింది గానీ, గోదావరి లెక్కలో అది కోనసీమ కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట గౌతమికీ వసిష్ఠకీ మధ్యనున్న మధ్య డెల్టా. ద్రాక్షారామం, రామచంద్రపురం గౌతమికి ఇవతల తూర్పు డెల్టా. కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే నీరు పెద్ద కాలవల్లో, పిల్ల కాలవల్లో, బోదెల్లో తిరిగి చేలల్లోకి వస్తుంది. చేలల్లో మిగిలింది మురుగు కాలవల్లోకి దిగి కాకినాడ, కోరంగి వైపు సముద్రానికి పోతుంది. సప్త గోదావరుల్లో ఒకటని భక్తులు చెప్పుకునే తుల్యభాగ ఇవాళ ఇరిగేషన్ వాళ్ల పటాల్లో డ్రెయిను. పై ఊరి చేలో కొట్టిన మందు కింది ఊరి మురుగు కాలవలోకి, అక్కడి నుంచి మడ అడవుల ముంగిటి దాకా వెళ్లే దారి ఇదే.

ఈ దారిలోనే చేపలు ఎదురొస్తాయి. తొలకరి పడి, జూన్‌లో కాలవలకి నీళ్లొదిలి, ఎర్రనీరు బోదెల్లో పారడం మొదలయ్యాక పరిగెలు, గొరకలు, మట్టగిడసలు, ఇంగిలాయిలు, మార్పులు మురుగు కాలవల నుంచి, గుంటల నుంచి చేలల్లోకి ఎదురెక్కుతాయి. పలచటి వెచ్చటి నీళ్లు, పురుగూ పుట్రా పుష్కలంగా ఉండే బురద, పెద్ద చేపల భయం లేని చోటు. గుడ్లు పెట్టడానికి వాటికి అంతకన్నా ఏం కావాలి? కొర్రమీను గట్టు వారన గడ్డిలో గూడులాంటిది చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలయ్యాక ఎర్రటి గుంపుగా నీటి పైన కదులుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా తిరుగుతాయి. ఊతలు పట్టుకుని చేలల్లో తిరిగినవాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు.

జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా ఈ చేపలు గుడ్లు పెట్టే కాలం. మన ఊడ్పుల కాలమూ అదే. ఊడ్చిన మూడో రోజు నుంచి కలుపు మందు. ఏడాది పొడుగునా చేపకి అతి సున్నితమైన పదిహేను రోజులూ, నీళ్లలో కలుపు మందు అతి ఎక్కువగా ఉండే పదిహేను రోజులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఏ ప్రయోగశాలా దీన్ని ఏర్పాటు చేయలేదు, క్యాలెండరే చేసింది. ఈ విషయం మీద నేను చదివినవాటిలో ఇంత ముఖ్యమైనదాన్ని ఇంత తక్కువగా పట్టించుకోవడం మరోటి చూడలేదు.

రైతుని తప్పుపట్టి ప్రయోజనం లేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు చేలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. గిట్టని ధర, దొరకని కూలి, పూడిపోయిన మురుగు కాలవలు అప్పటి గోడు. కూలి దొరక్కపోతే మొదట ఆగేది కలుపు తీతే. ఊడ్పుకైతే ఎక్కడి నుంచో ముఠాలు వస్తాయి, కోతకి మిషను వస్తుంది. నడుం వంచి ఊద, తుంగ పీకడానికి ఎవరొస్తారు? ఇక వెద పద్ధతిలో, డ్రమ్ సీడరుతో విత్తే చేలల్లో అయితే వరీ కలుపూ ఒక్క రోజునే మొలుస్తాయి, అక్కడ మందు లేకుండా పంటే లేదు. కాబట్టి కలుపు మందు మానేయండి అనే సలహా నాకు నచ్చదు. ఏ మందు, ఎప్పుడు, కొట్టాక నీళ్లని ఏం చేయాలి అనేవే పనికొచ్చే ప్రశ్నలు.

మందు వేసే తీరు చూడండి. శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతిలో ఎకరానికి లీటరు నుంచి లీటరున్నర బ్యూటాక్లోర్‌ని ఇరవై కిలోల పొడి ఇసుకలో కలపాలి. గట్టు మీద పరిచిన గోనెపట్టా మీద ఇసుక పోసి, మధ్యలో గుంట చేసి, మందు వంచి, తడి సమానంగా పట్టేదాకా కర్రతోనో గ్లౌజులు తొడిగిన చేత్తోనో తిప్పి, పలచటి నీరున్న మడిలో ఒకే రీతిన వెదజల్లాలి. జరిగేది చాలాచోట్ల వేరు. గ్లౌజులు ఉండవు. ఇసుక దొరకని చోట యూరియాతో కలిపేస్తారు. ఓపిక లేనివాళ్లు సీసా మూతకి చిల్లులు పెట్టి నడుచుకుంటూ విదిలించేస్తారు. డబ్బా కడిగిన నీళ్లు బోదెలోకే. ఆ రాత్రి వాన దంచితే మడి నిండి గండి పడుతుంది, లేదా రైతే తెల్లారి గట్టు కొట్టి నీళ్లు తీస్తాడు. లేత ఊడ్పు మునిగిపోతే ఊరుకోలేడు కదా.

ఆ డబ్బా మీద డైమండ్ ఆకారంలో ఒక రంగు గుర్తు ఉంటుంది. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు దాన్ని తప్పనిసరి చేశాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనే నాలుగు రంగుల్లో ఎరుపు అన్నిటికంటే ప్రమాదం. బ్యూటాక్లోర్‌ది నీలం. రైతులు, దుకాణదారులు ఆ రంగు చూసి "ఇది పెద్ద విషం కాదు" అంటారు. ఎలుకకి మేపితే ఎంత మోతాదులో చస్తుంది, చర్మానికి తగిలితే ఎంతలో చస్తుంది అన్న లెక్క మీద ఆ రంగు వేస్తారు. మనిషి భద్రత కోసం అది సరైన పనే, చేపకి మాత్రం ఆ రంగుతో సంబంధం లేదు. ఎలుకలో కిలో బరువుకి రెండు గ్రాముల దాకా పడితే గానీ చంపని బ్యూటాక్లోర్, చేపల విషయంలో లీటరుకి మిల్లీగ్రాములో సగం లోపే ప్రాణాంతకం. అమెరికా పర్యావరణ సంస్థ కొలమానంలో లీటరుకి 0.1 నుంచి 1 మిల్లీగ్రాము మధ్య చంపేదాన్ని జలచరాలకి తీవ్ర విషంగా లెక్కిస్తారు. డబ్బా మీద చేప బొమ్మతో ఇంకో గుర్తు ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

చేపల మీద విషాన్ని కొలిచే ఆనవాయితీ లెక్క పేరు ఎల్‌సీ 50. కొన్ని తొట్టెల్లో పది చొప్పున చేపల్ని వేసి, ఒక్కోదానిలో మందు మోతాదు కొంచెం కొంచెం పెంచుతూ, 96 గంటలు చూసి, సగం చచ్చే మోతాదుని లెక్కగడతారు. ఈ పనిలో గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగానికి మంచి పేరుంది. కె.ఎస్. తిలక్, కె. వీరయ్య బృందం బ్యూటాక్లోర్‌నీ, దాని వ్యాపార రూపమైన మాచెటీనీ మట్టగిడస మీద పరీక్షించి 2007లో ప్రచురించారు. నిలవ నీటిలోనూ, పారే నీటిలోనూ చేశారు. మట్టగిడసకి కూడా మిల్లీగ్రాముకి చాలా కింది మోతాదులోనే ప్రాణం పోతుందని తేలింది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. మట్టగిడస, కొర్రమీను, ఇంగిలాయి నీటి పైకి వచ్చి గాలి మింగగలిగే మొండి జాతులు. మొప్పలు దెబ్బతిన్నా ఇంకో దారి ఉన్న చేపలు. అలాంటివే ఇంత తక్కువలో పడిపోతుంటే, మొప్పే ఆధారమైన పరిగెకి ఇంకెంత తక్కువ చాలుతుందో ఊహించవచ్చు.

ఇలాంటి తొట్టెలో చేప తీరు గురించి పరిశోధకులు రాసే వర్ణన ఎక్కడ చదివినా ఒకటే. మొదట కుదురు లేకుండా తిరుగుతుంది. మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగుతుంది. ఒంటి మీద జిగురు ఎక్కువవుతుంది, రంగు వెలుస్తుంది. మొప్పని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే దువ్వెన పళ్లలా విడివిడిగా ఉండాల్సిన సన్నటి పొరలు ఉబ్బి, పైతోలు లేచి, ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపిస్తాయి. ఊపిరి తీసుకునే వైశాల్యం తగ్గిపోయిందన్నమాట. కాలేయం కణాల్లో బుడగలు తేలతాయి. ఇదంతా చావుకి ముందు దశ. మోతాదు ఇంకా తగ్గిస్తే ఈ గుర్తులు మాయమై మరో రకం దెబ్బ మొదలవుతుంది.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో 2002లో మార్పు చేపల మీద చేసిన పని ఒక మెట్టు. లీటరుకి 1 నుంచి 2.5 మిల్లీగ్రాముల బ్యూటాక్లోర్ ఉన్న నీటిలో రెండు నుంచి నాలుగు రోజులుంచితే ఆ చేపల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం పక్కన చిన్న తునకలు కనిపించాయి. జన్యు పదార్థం విరిగిందనడానికి అది గుర్తు. మన చేలో మొదటి రోజు లెక్క సరిగ్గా ఈ మధ్యనే ఉందని వేరే చెప్పక్కర్లేదు. అదే పరిశోధనలో 2,4-డి కూడా పరీక్షించారు, దానికి మాత్రం 25 మిల్లీగ్రాములూ ఆపైన మోతాదులు పెట్టారు.

దానికన్నా నన్ను ఎక్కువగా ఆపింది చైనా పరిశోధకులు 2013లో ప్రచురించిన జీబ్రా చేప ప్రయోగం. జీబ్రా చేప మన ఉపఖండం వాగుల్లో, వరి చేలల్లో పుట్టినదే, పరిగెలకి దగ్గరి చుట్టం. పెద్ద చేపల్ని 30 రోజులు లీటరుకి 25, 50, 100 మైక్రోగ్రాముల బ్యూటాక్లోర్‌లో ఉంచారు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ఒక్కటీ చచ్చేంత మోతాదు కాదు. ఒంటి బరువు, కాలేయం బరువు మామూలుగానే ఉన్నాయి. కానీ 50, 100 మైక్రోగ్రాముల తొట్టెల్లో గుడ్లు గట్టిగా తగ్గాయి. ఆ రెండు తొట్టెల్లోనే మగ చేపల బీజకోశాలు చిన్నవయ్యాయి. 100 దగ్గర ఆడ చేపల్లో ఈస్ట్రడయోల్, టెస్టోస్టిరోన్ పడిపోయాయి, మగ చేపల రక్తంలో గుడ్డు సొనకి పనికొచ్చే ప్రొటీను పెరిగింది. మామూలుగా అది ఆడ చేపలో ఉండాల్సింది. థైరాయిడ్ హార్మోన్లూ అటూఇటూ అయ్యాయి. 50 మైక్రోగ్రాములంటే మన చేలో మొదటి రోజు లెక్కలో యాభయ్యో వంతు. మందు 98 శాతం పోయాక మిగిలేది కూడా చేప సంతానానికి తగిలే మోతాదే అని దీని తాత్పర్యం.

అయితే ప్రయోగంలో ఆ మోతాదు నెల రోజులు మారకుండా ఉంచారు. చేలో అది రోజురోజుకీ తగ్గుతుంది. ఈ తేడా చిన్నది కాదు, కంపెనీల వాళ్లు ఎప్పుడూ ఎత్తి చూపేది ఇదే, అందులో న్యాయమూ ఉంది. కానీ ఆ వాదన ఒక్క చేనుకే సరిపోతుంది. మురుగు కాలవ మాట వేరు. ఊడ్పులన్నీ ఒకే రోజున జరగవు. పై లాకుల కింద జూన్ ఆఖర్లో మొదలై, చివరి భూములకి నీరందేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. ఇవాళ ఒకరి చేలో నుంచి, రేపు ఇంకొకరి చేలో నుంచి మందు నీళ్లు అదే కాలవలోకి దిగుతూ ఉంటాయి. కాలవలో ఉన్న చేపకి అది ఒక్క పోటు కాదు, ఆరేడు వారాల పాటు వరసగా వచ్చే పోట్లు. ఇలా ఆగి ఆగి తగిలే మోతాదుల్లో సంతానం ఏమవుతుందో చూసే ప్రయోగాలు మన డెల్టాకి చాలా అవసరం. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు మాత్రం చాలావరకు ఎల్‌సీ 50లో పదో వంతు మోతాదు తీసుకుని, పది నుంచి ముప్పై రోజులు ఉంచి, ప్రొటీన్లు, గ్లైకోజెన్, ఎంజైములు ఎంత తగ్గాయో పట్టికలు వేసే మూసలోనే ఉంటాయి. మందు ఎంత వేశారో రాస్తారు గానీ తొట్టె నీటిలో నిజంగా ఎంత మిగిలిందో కొలిచినవి తక్కువ. కాలేయంలో ప్రొటీను ఇరవై శాతం తగ్గితే చెరువులో చేపలు ఎన్ని తగ్గుతాయి అన్న ప్రశ్నకి ఆ పట్టికలు జవాబు చెప్పవు. ఈ మాట అంటే మా జంతుశాస్త్ర మిత్రులకి కోపం రావచ్చు.

మందులన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా తప్పే. ప్రెటిలాక్లోర్ బ్యూటాక్లోర్‌కి దగ్గరి బంధువు. ఎకరానికి 500 మిల్లీలీటర్లు అంటే అదే రెండంగుళాల నీటిలో లీటరుకి 1.2 మిల్లీగ్రాములు, ట్రౌట్ చేపని చంపే మోతాదు 0.9. కొంచెం మెరుగు, అంతే. బిస్‌పైరిబాక్ సోడియం ఎకరానికి నూరు మిల్లీలీటర్లు, అందులో మందు పది గ్రాములే. అదంతా నీటిలో పడినా లీటరుకి 0.05 మిల్లీగ్రాములు. చేపని చంపడానికి 100 మిల్లీగ్రాముల పైన కావాలి. అంటే మధ్యలో రెండు వేల రెట్ల ఎడం. ఒకే చేలో, ఒకే కలుపు కోసం వాడే రెండు మందుల మధ్య చేపకి ఇంత తేడా ఉందని ఎరువుల కొట్టులో ఎవరూ చెప్పరు. పైగా బిస్‌పైరిబాక్ ఊడ్చిన పదిహేను ఇరవై రోజులకి, నీరు తీసేసి, కలుపు రెండు మూడు ఆకుల దశలో ఉండగా కొడతారు. అప్పటికి పిల్లలు కొంత ఎదిగి ఉంటాయి. ఏటా అదొక్కటే కొడితే ఊద దానికి మొండికేస్తుంది, మార్చి మార్చి వాడాల్సిందే.

2,4-డి కథ ఇంకో రకం. సోడియం ఉప్పు రూపంలో అది చేపకి పెద్దగా విషం కాదని పుస్తకాలన్నీ చెబుతాయి, ఈస్టరు రూపమైతే చాలా ఎక్కువ విషం. ఎకరానికి అరకిలో పొడి, లీటరుకి రెండు మిల్లీగ్రాముల లెక్క. చంపడానికి వంద దాటాలి. ఇక్కడితో ఆగితే నిశ్చింతే. కానీ అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు చెరువుల్లో నీటి కలుపు మొక్కల్ని చంపడానికి వాడే 2,4-డి అమీన్ మందుల్ని ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప మీద 30 రోజులు పరీక్షించి 2018లో ప్రచురించారు. 0.05 నుంచి 2 మిల్లీగ్రాముల మధ్యనే, గుడ్డు నుంచి అప్పుడే బయటపడిన పిల్లల్లో బతికేవి తగ్గాయి. పెద్ద చేపకి సురక్షితం అన్న ముద్ర పిల్ల చేపకి వర్తించలేదు. మనవాళ్లు వాడేది వేరే ఉప్పు కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా ఎత్తుకురాకూడదు గానీ, పిల్ల దశలో చూడకుండా ఏ మందునీ సురక్షితం అనకూడదని మాత్రం దానితో తేలిపోయింది.

మొక్కజొన్నలో వాడే అట్రజీన్ మీద కూడా పెద్ద పోట్లాటే జరిగింది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు 2010లో చూపించిందేమిటంటే, లీటరుకి అర మైక్రోగ్రాము నుంచే మిన్నో చేపలు పెట్టే గుడ్లు మొత్తం మీద తగ్గుతాయి. 2019లో మెడాకా మీద చేసిన పని ఇంకా విచిత్రం. జపాన్ వరి చేలల్లో తిరిగే ఈ బుల్లి చేపల్ని పుట్టుకలో మొదటి పన్నెండు రోజులు మాత్రమే అట్రజీన్‌లో ఉంచి, తర్వాత మంచినీళ్లలో పెంచారు. వాటికీ, వాటి పిల్లలకీ సంతానంలో పెద్దగా తేడా రాలేదు. మనవల దగ్గర సంతాన సామర్థ్యం తగ్గింది. ఆ మనవలకి మందు వాసన కూడా తగల్లేదు! ఐరోపా సమాఖ్య అట్రజీన్‌కి 2004లో అనుమతి తిరస్కరించింది, అయితే దానికి చెప్పిన కారణం భూగర్భజలాల కాలుష్యం.

గట్ల మీద, కొబ్బరి తోటల్లో కొట్టే గ్లైఫోసేట్ గురించి ఒక్క ముక్క. 1979లోనే అమెరికాలో తేల్చిన సంగతి ఇది. ఒట్టి గ్లైఫోసేట్ ట్రౌట్ చేపని చంపడానికి లీటరుకి 140 మిల్లీగ్రాములు కావాలి. రౌండప్ అయితే 8.3 చాలు. అందులో ఆకుకి అంటుకోవడానికి కలిపే సబ్బులాంటి పదార్థం ఒక్కటే అయితే 2. మందు కన్నా జిగురే విషం. అసలు మందు ఒక్కదాని లెక్క చూస్తే సరిపోదు, చేపకి తగిలేది డబ్బాలో ఉన్న మొత్తం సరుకు.

చేపకి తిండి పెట్టేదీ, నీడ ఇచ్చేదీ కూడా పచ్చదనమే. కలుపు మందు పని పచ్చదనాన్ని చంపడం. నీటిలో కంటికి కనిపించని నాచు తగ్గితే దాన్ని తినే పురుగులు తగ్గుతాయి, వాటి మీద బతికే పిల్ల చేప నకనకలాడుతుంది. మరోవైపు కాలవలో దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్క మీద ఒకేసారి మందు కొడితే అదంతా మునిగి కుళ్లి, నీళ్లలో ప్రాణవాయువు లాగేస్తుంది. ఆ చేపల చావుకి మందు పేరు రాయరు. ఇలాంటివాటిని పరోక్ష ప్రభావం అని పక్కన పెట్టేయడం నాకు సబబుగా తోచదు.

డెల్టాలో నాటు చేపలు తగ్గిపోవడానికి కలుపు మందే కారణమని రాస్తే అది అతి. గుంటలు పూడ్చారు, చేలు రొయ్యల చెరువులయ్యాయి, మురుగు కాలవల్లో ఉప్పునీరు, ఊళ్ల మురుగు, పురుగు మందులు, పైగా తిలాపియా, ఆఫ్రికా మార్పు లాంటి పరాయి చేపలు వచ్చి చేరాయి. వీటిలో కలుపు మందు వాటా ఎంతో విడదీసి చెప్పడం తేలిక కాదు. అయినా ఒక్క మాట. పులస గురించి పత్రికలు ఏటా రాస్తాయి, వేల రూపాయల ధరలు చెప్పి నోరూరిస్తాయి. పరిగెల గురించి, మట్టగిడసల గురించి ఎవరూ రాయరు. సార్వా రోజుల్లో కూలి కుటుంబాలు చేలో పట్టుకుని పులుసు పెట్టుకున్నది వీటినే. మార్కెట్‌కి వెళ్లని చేప తగ్గితే ఏ శాఖ లెక్కలోనూ కనపడదు.

ఈ చిక్కు మనకి మాత్రమే వచ్చింది కాదు. జపాన్‌లో వరి చేలల్లో పెంటాక్లోరోఫినాల్ అనే కలుపు మందు విరివిగా వాడే రోజుల్లో, 1962లో ఊడ్పుల తర్వాత కుండపోత వానలకి ఆ మందు కొట్టుకుపోయి బివా సరస్సులో, అరియాకే సముద్రంలో చేపలు, గుల్లలు పెద్ద ఎత్తున చచ్చాయి. ఆ మరుసటి ఏడాదే వ్యవసాయ మందుల చట్టాన్ని సవరించి, రిజిస్ట్రేషన్‌లో చేపల మీద విషప్రభావాన్ని చేర్చారు. ఇప్పటికీ అక్కడ కలుపు మందు వేసిన చేలో నీళ్లు ఏడు రోజులు బయటికి వదలకూడదన్నది నియమం. కాలిఫోర్నియాలో 1980ల మొదట్లో వరి చేల మురుగు మోసుకుపోయే కొలూసా బేసిన్ డ్రెయిన్‌లో మోలినేట్ వల్ల బంగారుతీగ చేపలు చచ్చాయి. థయోబెన్‌కార్బ్ అనే ఇంకో మందు శాక్రమెంటో పట్టణం తాగునీటికి చేదు తెచ్చింది. చేపల కన్నా కుళాయి నీటి చేదే పాలకుల్ని తొందరపెట్టిందని నా అనుమానం. 1983-84 నుంచి మందు వేశాక నీళ్లు చేలోనే నిలబెట్టాలని కట్టుదిట్టం చేశారు, గడువుని క్రమంగా నాలుగు వారాల దాకా పెంచారు. వాడకం వెంటనే ఆగలేదు, కానీ నదిలో ఆ మందుల జాడ బాగా పడిపోయింది. అసలు సంగతి ఇందులోనే ఉంది. వరిలో కలుపు మందుని చేపకి దూరంగా ఉంచే అతి చౌకైన పని, నీళ్లని కొన్నాళ్లు గట్టు దాటనివ్వకపోవడం.

మనదేశంలో దారి నిషేధాల వైపు మళ్లి అక్కడే చిక్కుకుంది. 2018 ఆగస్టు ఉత్తర్వుతో 18 మందుల్ని నిషేధించారు. వాటిలో బ్యూటాక్లోర్‌కి అన్నలాంటి అలాక్లోర్ 2020 ఆఖరుకి ఆగిపోయింది. 2020 మే నెలలో మరో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చారు, అందులో బ్యూటాక్లోర్, 2,4-డి, అట్రజీన్, పెండిమెథాలిన్ ఉన్నాయి. అభ్యంతరాలు, కమిటీలు అయ్యాక 2023లో వచ్చిన తుది ఉత్తర్వులో ఈ కలుపు మందులేవీ నిషేధంలో లేవు. ఐరోపాలో అనుమతి లేని బ్యూటాక్లోర్ ఇక్కడ ఏ ఎరువుల కొట్టులోనైనా దొరుకుతుంది. నిషేధిస్తే రైతు రేపు ఏం వాడతాడన్నదానికి జవాబు లేకుండా నిషేధం అడగడంలో నాకు ఉత్సాహం లేదు. చేపకి వందల రెట్లు తేలికైన మందులు అదే అలమరలో ఉన్నప్పుడు బ్యూటాక్లోర్‌ని మొదటి వరసలో నిలబెట్టడంలో అంతకన్నా లేదు. మారుటేరు పరిశోధన కేంద్రం, వ్యవసాయ విశ్వవిద్యాలయం పంచాంగంలో మోతాదు పక్కన కలుపు జాతి రాస్తారు, రోజు రాస్తారు. చేపకి ఎంత అనే ఒక్క గడి చేర్చడానికి కొత్త పరిశోధన కూడా అక్కర్లేదు, అంకెలు ఉన్నవే.

నీళ్లు నిలబెట్టడం మాత్రం ఇక్కడ కష్టం. డెల్టాలో చాలా మడులకి సొంత బోదె లేదు. పై మడి నీళ్లు కింది మడికి, కింది మడి నీళ్లు మురుగు కాలవకి. ఒక రైతు ఏడు రోజులు గట్టు కడితే ఆయన కింద పదిమందికి నీళ్లు ఆగుతాయి. కాలవలో వంతుల నీళ్లు ఎక్కువొస్తే, పైన వాన కొడితే, మురుగు కాలవ పూడి వెనక్కి తన్నితే గట్లన్నీ ఒక్కటవుతాయి. 2011లో కోనసీమ రైతు మురుగు కాలవల పూడిక గురించి మొరపెట్టుకున్నది వరి కోసం. ఆ పూడిక తీస్తే చేపకీ మేలే. కలుపు మందు వేసిన వారం గట్టు నిలబడాలంటే ముందు మురుగు కాలవ సరిగ్గా పారాలి.

ఈ పని వ్యక్తిగా రైతు చేతిలో లేదు, నీళ్లు వదిలేవాళ్ల చేతిలో ఉంది. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు కాగితం మీదైనా ఉన్నాయి. ఒక్కో పిల్ల కాలవ కింద ఊడ్పులు పది రోజుల్లో ముగిసేలా నీళ్లు వదిలి, ఆ వెంటనే వారం పాటు తూముల్లో నీళ్లు తగ్గించి, ఆ వారంలోనే మందు వేయించి, ఆ తర్వాతే మురుగు వైపు గండ్లు తెరవడం, చెప్పుకోవడానికి చిన్న మాటే. పనిలో పెట్టాలంటే ఇరిగేషన్, వ్యవసాయ, మత్స్య శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. కాకినాడలో మత్స్య శిక్షణ సంస్థ ఉంది, రాజమహేంద్రవరంలో విశ్వవిద్యాలయం ఉంది. జూలైలో తుల్యభాగ నీళ్లని వారానికోసారి సీసాల్లో పట్టి, బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్, 2,4-డి ఎన్ని మైక్రోగ్రాములున్నాయో కొలవడం వాళ్లకి భారం కాదు. అదే నీళ్లలో మట్టగిడస గుడ్లు ఎన్ని పగిలాయో లెక్కపెట్టడానికి ఒక వేసవి సెలవుల ప్రాజెక్టు చాలు, అయితే అది వేసవిలో కాదు, సార్వాలో చేయాలి.